మోయగలిగినదీ, మోస్తున్నదీ

కర్మాగారంలో మిగతా అన్ని చోట్లా విద్యుత్తు ఏదో ఒక పని చేస్తుంది. మోటారును తిప్పుతుంది, కొలిమిని కాలుస్తుంది, దీపం వెలిగిస్తుంది. ప్యానెళ్లూ కేబుళ్లూ ఉండే ఎలక్ట్రికల్ రూములోకి మాత్రం అది వచ్చేది మరో చోటికి వెళ్లిపోవడానికే. దారిలో ఎంత పోగొట్టుకుంటే అంతా వేడిగా మారి ఆ నాలుగు గోడల మధ్య మిగులుతుంది. అందువల్ల ఆ గదికి ఎన్ని టన్నుల ఏసీ కావాలని అడగడమంటే, విద్యుత్తు ఆ గది గుండా పోతూ ఎంత నష్టపోతోందని అడగడమే. ట్రాన్స్‌ఫార్మర్ నష్టాలెంతో తయారీదారు కాగితం మీద రాసిస్తాడు. డ్రైవులకూ, యూపీఎస్‌లకూ ఆ వివరం దొరుకుతుంది. కేబుల్‌కు మాత్రం మీటరుకు ఇన్ని వాట్లని ఎవరూ రాసివ్వరు, రాసివ్వడం కుదరదు కూడా. ఆ వేడి కేబుల్‌ని బట్టి ఎంత మారుతుందో, అందులో పారే కరెంటును బట్టి అంతకంటే ఎక్కువగా మారుతుంది. ఈ ఖాళీని పూరించడానికి తరచుగా తొక్కే అడ్డదారి ఒకటుంది. కేబుల్ గరిష్ఠంగా ఎన్ని ఆంపియర్లు మోయగలదో చెప్పే పట్టిక తెరవడం, ఆ కరెంటుకు వచ్చే వేడిని గదిలోని కేబుల్ పొడవుతో గుణించడం. జాగ్రత్తకు ఓ పిసరు ఎక్కువ చూపిస్తుందిలే అని దీన్ని క్షమిస్తూ ఉంటారు. ఈ పద్ధతి భౌతికంగా జరగడానికి వీల్లేని సంఖ్యనే చాలాసార్లు చేతిలో పెడుతుందని ఈ అధ్యాయంలో చూపించదలచుకున్నాను.

వేడి లెక్కకు ఆధారం పాతదే. ఇంగ్లండులోని సాల్ఫర్డ్‌లో బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్, తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికీ, తీగ నిరోధానికీ అనులోమానుపాతంలో ఉంటుందని 1840లో తేల్చాడు. దీన్ని మన ప్యానెల్ రూములో తరచుగా కనిపించే కేబుల్‌కు అన్వయించి చూద్దాం. ఐఈసీ 60228 ప్రమాణం ప్రకారం 240 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ నిరోధం 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు 0.125 ఓములు దాటకూడదు. అల్యూమినియం వేడెక్కుతున్నకొద్దీ నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. ఎక్స్‌ఎల్‌పీఈ ఇన్సులేషన్‌కు అనుమతించిన 90 డిగ్రీలకు చేరేసరికి అది 0.16 ఓములవుతుంది. ఈ సైజు మూడున్నర కోర్ల కేబుల్ 40 డిగ్రీల గాలిలో, పక్కన వేరే కేబుళ్లు లేకుండా ఉంటే, దాదాపు 400 ఆంపియర్లు మోస్తుంది. 400 వర్గం 1,60,000. దాన్ని ఒక మీటరు తీగ నిరోధంతో గుణిస్తే 25.6 వాట్లు, మూడు ఫేజులకూ కలిపి మీటరుకు 77 వాట్లు. అడ్డదారి లెక్కలో వాడేది ఈ 77నే.

అదే కేబుల్‌లో 200 ఆంపియర్లే పారితే? కరెంటు సగమైతే వేడి పావు వంతు కావాలి, అంటే 19 వాట్లు. నిజంగా వచ్చేది ఇంకా తక్కువ. తీగ తక్కువ వేడెక్కుతుంది కాబట్టి దాని నిరోధమూ తగ్గుతుంది. 50 డిగ్రీలు పెరగాల్సిన ఉష్ణోగ్రత పన్నెండు పదమూడు డిగ్రీలే పెరుగుతుంది, మీటరుకు 17 వాట్ల దగ్గర లెక్క ఆగుతుంది. మూడో వంతుకు దించితే ఎనిమిది వాట్లు కూడా ఉండవు. కరెంటు అంచనాలో కొద్దిపాటి తేడా వేడి అంచనాలో ఎంత పెద్దదై కూర్చుంటుందో ఇక్కడే తెలుస్తుంది. సైజు కాస్త అటూ ఇటైనా, ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు తప్పినా వచ్చే తేడా నూటికి పదీ ఇరవైలలో ఉంటుంది. కరెంటు తప్పితే అది రెట్లలోకి వెళ్తుంది. కాబట్టి శ్రమంతా పెట్టవలసింది కరెంటు తెలుసుకోవడం మీదే.

నిజమైన కరెంటు కేబుల్ సామర్థ్యానికి అంత దూరంగా ఎందుకుంటుందో అర్థం కావాలంటే, కేబుల్ సైజును ఎలా ఎంచుకుంటారో చూడాలి. లోడు ఎన్ని ఆంపియర్లన్నది అందులో ఒక షరతు మాత్రమే. దూరంగా ఉన్న మోటారు దగ్గర వోల్టేజీ పడిపోకుండా ఉండటానికి కేబుల్‌ని ఒక సైజు పెంచుతారు. ట్రే మీద పక్కపక్కనే పడుకున్న కేబుళ్లు ఒకదాన్నొకటి వేడెక్కిస్తాయి కాబట్టి ఇంకో సైజు. వీటిని మించినది షార్ట్ సర్క్యూట్. 1000 కేవీఏ, 433 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడు కరెంటు 1,333 ఆంపియర్లు. దాని ఇంపీడెన్స్ 5 శాతమైతే, బస్‌బార్ల దగ్గర షార్ట్ అయినప్పుడు 26,000 ఆంపియర్లకు పైగా దూసుకొస్తాయి. బ్రేకర్ ట్రిప్ కావడానికి ఒక సెకను పట్టేలా అమర్చి ఉంటే, ఆ ఒక్క సెకను ఓర్చుకోవడానికే 280 చదరపు మిల్లీమీటర్లకు మించిన అల్యూమినియం కావాలి. దాని మీద రోజూ నడిచే లోడు 100 ఆంపియర్లే కావచ్చు. ఆ కేబుల్ లావుకూ రోజువారీ లోడుకూ సంబంధం తక్కువ. జీవితంలో ఒక్కసారి రావచ్చో రాకపోవచ్చో తెలియని ఒక సెకను కోసం అది అంత లావుగా ఉంది.

ఇక్కడే అడ్డదారి లెక్క తలకిందులవుతుంది. ఒక ఇంజనీరు 240కి బదులు 400 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేశాడనుకుందాం. లోడు మారలేదు. నిరోధం కిలోమీటరుకు 0.125 నుంచి 0.0778 ఓములకు దిగింది కాబట్టి గదిలోకి వచ్చే వేడి దాదాపు 40 శాతం తగ్గుతుంది. అడ్డదారి పట్టిక మాత్రం లావు కేబుల్ ఎక్కువ కరెంటు మోయగలదు కనక మీటరుకు ఎక్కువ వాట్లు చూపిస్తుంది. నిజం ఒక దిక్కుకు నడిస్తే అంచనా ఎదురు దిక్కుకు నడుస్తోంది. ఇలాంటి పద్ధతిని ‘సురక్షితం వైపు తప్పేది’ అని సమర్థించలేం. మంచి నిర్ణయానికి జరిమానా వేసే కొలబద్దను పారేయాలి.

తప్పు పట్టికలది కాదు. వాటిని తయారుచేసినవాళ్లు వేరే ప్రశ్నకు జవాబు రాశారు. 1957లో అమెరికన్ ఇంజనీర్లు నెహర్, మెక్‌గ్రాత్ ప్రచురించిన పద్ధతి గానీ, తర్వాత వచ్చిన ఐఈసీ 60287 ప్రమాణం గానీ అడిగేది ఒకటే: తన వేడికి తానే చెడిపోకుండా ఈ కేబుల్ ఎంత కరెంటు మోయగలదు? అక్కడ అన్నింటికంటే చెడ్డ స్థితినే ఊహించుకోవాలి. దాన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 1998లో న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ చూసింది. నగరం నడిబొడ్డుకు కరెంటు తెచ్చే నాలుగు 110 కిలోవోల్టుల భూగర్భ కేబుళ్లు కొన్ని వారాల వ్యవధిలో ఒకదాని వెంట ఒకటి పోయాయి, ఆ ప్రాంతం ఐదు వారాల పాటు అల్లాడింది. కేబుల్ ఆయువు గురించి అడిగే ప్రశ్నకు ఒక్కో కేబుల్‌నీ విడిగా, గరిష్ఠ లోడు దగ్గర చూడాలి. గది గురించి అడిగే ప్రశ్నకు అన్ని కేబుళ్లనూ కలిపి, ఒకే సమయంలో చూడాలి. మొదటి ప్రశ్న జవాబును రెండోదానికి అరువు తెచ్చుకోవడం వల్లనే ఈ గందరగోళమంతా.

అన్నింటినీ కలిపి చూసినప్పుడు ఒక గట్టి హద్దు బయటపడుతుంది. ఒక బిందువులోకి వచ్చే కరెంటంతా, ఆ బిందువు నుంచి పోయే కరెంటుతో సమానంగా ఉండాలని 1845లో గుస్తావ్ కిర్చాఫ్ చెప్పాడు. అప్పటికి అతను ఇంకా క్యోనిగ్స్‌బెర్గ్‌లో విద్యార్థే. ధవళేశ్వరం దగ్గర ప్రధాన కాలువలోకి వదిలిన నీటికి మించి దిగువన ఉన్న తూములన్నీ కలిసినా పారించలేవు, ప్రతి తూమూ విడిగా ఎంత వెడల్పుగా ఉన్నా సరే. ప్యానెల్ కూడా అంతే. 1000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఒక ప్యానెల్, దాని నుంచి పన్నెండు ఫీడర్లు, ప్రతిదీ 240 చదరపు మిల్లీమీటర్ల కేబుల్, ప్రతి కేబుల్ గదిలో 15 మీటర్ల పొడవు అనుకుందాం. మొత్తం 180 మీటర్లు. అడ్డదారిలో 180ని 77తో గుణిస్తే 13.9 కిలోవాట్లు. ఏసీ భాషలో దాదాపు నాలుగు టన్నులు (ఒక టన్ను అంటే 3.517 కిలోవాట్లు, ఒక అమెరికన్ టన్ను మంచును ఒక రోజులో కరిగించే వేడి). అయితే పన్నెండు కేబుళ్లూ ఒక్కసారిగా 400 ఆంపియర్లు మోయాలంటే 4,800 ఆంపియర్లు కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వగలిగింది 1,333. ఆ 13.9 కిలోవాట్లు రావాలంటే ట్రాన్స్‌ఫార్మర్ తన స్థాయికి మూడున్నర రెట్ల మీద పనిచేయాలి. అలాంటి రోజు వస్తే ఏసీ సంగతి ఎవరూ అడగరు.

ఉన్న 1,333 ఆంపియర్లు పన్నెండింటికీ సమానంగా పంచుకుంటే ఒక్కో ఫీడరుకు 111. మీటరుకు వచ్చే వేడి ఐదు వాట్లు, 180 మీటర్లకూ కలిపి 0.9 కిలోవాట్లు. అడ్డదారి లెక్కలో పదిహేనో వంతు. ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. లోడు ఎక్కడా సమానంగా పంచుకోదు, కంప్రెసర్ ఫీడరు నిండుగా ఉంటే లైటింగ్ ఫీడరు ఖాళీగా ఉంటుంది. వర్గ నియమం వల్ల ఈ అసమానత వేడిని పెంచుతుంది కూడా. మొత్తం కరెంటు ఒకటే అయినప్పుడు అది ఎంత తక్కువ కేబుళ్లలోకి పోగుపడితే అంత ఎక్కువ వేడి. ఆ అభ్యంతరాన్ని చివరికంటా తీసుకెళ్దాం. మూడు ఫీడర్లు పూర్తిగా 400 ఆంపియర్ల మీద, నాలుగోది మిగిలిన 133 మీద, తక్కిన ఎనిమిదీ ఖాళీ. ఇంతకంటే చెడ్డ పంపకం ఉండదు. అప్పుడు వచ్చే వేడి 3.6 కిలోవాట్లు. అంటే లోడు వివరాలు ఒక్కటీ తెలియకపోయినా, ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసి ఉన్న సంఖ్య ఒక్కటే చూసి, ఫుల్ లోడు మీద ఫీడర్ల వేడి 0.9కీ 3.6కీ మధ్య ఉంటుందని చెప్పగలం. తెలియనితనానికి కూడా ఒక హద్దు ఉంటుందని చూపించే లెక్కలు నాకు ప్రత్యేకంగా ఇష్టం.

ఈ లెక్కలోనే అనుకోనిది మరొకటి దొరుకుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ప్యానెల్‌కు కరెంటు తెచ్చే ఇన్‌కమర్‌ను చాలామంది మరిచిపోతారు, ఎందుకంటే అది పొట్టిది. నాలుగు 240 కేబుళ్లు పక్కపక్కన వేసి, ఒక్కోటి 333 ఆంపియర్లు మోస్తోందనుకుంటే, మీటరుకు నాలుగింటికీ కలిపి 200 వాట్లు. పది మీటర్లకు రెండు కిలోవాట్లు. సమాన పంపకంలో పన్నెండు ఫీడర్ల 180 మీటర్లూ కలిసి ఇచ్చిన వేడికి ఇది రెట్టింపు పైన. ఎక్కడ కరెంటు చీలిపోకుండా ఒకే చోట ఉంటుందో అక్కడే వేడి పుడుతుంది. పేజీ నిండా ఫీడర్ల జాబితా రాసి ఇన్‌కమర్‌కు ఒక గీత గీసి వదిలేసే అంచనా, రెండు వైపులా తప్పుతుంది.

అంతా కలిపినా కొద్ది కిలోవాట్లేగా, కేబుల్ వేడిని వదిలేస్తే పోలేదా అనేవాళ్లూ ఉన్నారు. పోల్చి చూస్తే జవాబు దొరుకుతుంది. డ్రైవులు తమ గుండా పోయే శక్తిలో రెండు మూడు శాతం పోగొట్టుకుంటాయి. ఇదే గదిలో 300 కిలోవాట్ల డ్రైవులుంటే వాటి వేడి ఆరు నుంచి తొమ్మిది కిలోవాట్లు. వెయ్యి కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కూడా గదిలోనే ఉంటే ఫుల్ లోడు మీద అది మరో పది కిలోవాట్ల దాకా ఇస్తుంది. వాటి పక్కన ఇన్‌కమర్‌తో కలిపి కేబుళ్లవి మూడు నుంచి ఐదున్నర కిలోవాట్లు. వదిలేయదగినంత చిన్నది కాదు. అడ్డదారి లెక్క చెప్పినట్టు గదికంతటికీ పెద్దన్న కూడా కాదు. అసలు లోడు చూడకుండా నేమ్‌ప్లేటు మీది సామర్థ్యాన్నే వేడి లెక్కకు వాడే ఈ జబ్బు పరికరాల విషయంలోనూ ఉంది. విద్యుత్ కేంద్రాల పరికరాల వేడి గురించి 1979లో రూబిన్ ప్రచురించిన పట్టికలు ఏళ్ల తరబడి ఆధారంగా నిలిచాయి. 2004లో కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన వైట్, పహ్వా, క్రూజ్ అమెరికా శీతలీకరణ ఇంజనీర్ల సంఘం ఆష్రే కోసం ఆ పనిని కొత్త పరికరాలతో మళ్లీ చేశారు. అందులోనూ కేబుళ్లకు చోటుంది.

హార్మోనిక్స్ గురించిన అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. కంప్యూటర్ల వంటి సింగిల్ ఫేజు ఎలక్ట్రానిక్ లోడ్లు మూడో హార్మోనిక్‌ను పుట్టిస్తాయి. మూడు ఫేజుల్లోని మూడో హార్మోనిక్‌లు న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి రద్దు చేసుకోకుండా కూడుకుంటాయి. సిద్ధాంతపరంగా చిట్టచివరి స్థితిలో న్యూట్రల్ కరెంటు ఫేజు కరెంటుకు 1.73 రెట్లు అవుతుంది. వర్గం చేస్తే మూడు రెట్లు. మూడున్నర కోర్ల కేబుల్‌లో న్యూట్రల్ తీగ సగం లావే కాబట్టి నిరోధం రెట్టింపు. అంటే మూడు ఫేజులూ కలిసి ఇచ్చే వేడికి రెట్టింపు వేడి ఆ సన్నపాటి న్యూట్రల్ ఒక్కటే ఇవ్వగలదు. ఇప్పటి పవర్ సప్లయ్‌లు చాలావాటిలో దీన్ని తగ్గించే సర్క్యూట్లుంటాయి కనక ఆ చివరి స్థితి అరుదు. అయినా ఐటీ లోడ్లున్న గదిలో మూడు తీగలనే లెక్కపెట్టడం తప్పు. న్యూట్రల్ కరెంటును విడిగా కొలిచి నాలుగో తీగగా కలపాలి. ఇది నా వాదానికి ఎదురు నిలిచేది కాదు, దానికి ఇంకో ఉదాహరణ. పట్టికలోని సామర్థ్యం న్యూట్రల్ గురించి ఏమీ చెప్పదు, కొలిచిన కరెంటు చెబుతుంది.

మిగతా సూక్ష్మాలు త్వరగా తేలిపోతాయి. 50 హెర్ట్జ్ దగ్గర స్కిన్ ఎఫెక్ట్ ఈ సైజు తీగ నిరోధాన్ని పెంచేది నూటికి ఒకటి రెండు పాళ్లు. 11 కేవీ కేబుల్ ఇన్సులేషన్‌లో పోయే శక్తి మీటరుకు వాట్‌లో నూరో వంతుల్లో ఉంటుంది, 415 వోల్టుల దగ్గరైతే దాని ఊసే అక్కర్లేదు. మూడు ఫేజులూ ఒకే తొడుగులో ఉంటే ఆర్మర్‌లో నష్టం స్వల్పం. సింగిల్ కోర్ కేబుళ్లయితే మాత్రం చూసుకోవాలి, వాటికి ఉక్కు ఆర్మర్ బదులు అల్యూమినియం వాడేది అందుకే. గది వేడెక్కితే కేబుల్ నిరోధం పెరిగి మరింత వేడి వస్తుంది కదా అంటే, పది డిగ్రీలకు నాలుగు శాతం. కేబుళ్లు గది కింద సెల్లార్‌లో ఉండి దానికి వేరే గాలి ఏర్పాటుంటే ఆ పొడవును గది లెక్కలోంచి తీసేయాలి. స్టాండ్‌బై పంపు ఫీడరును అసలు పంపుతో పాటు లెక్కపెట్టకూడదు, రెండూ కలిసి నడవవు.

సమయం సంగతి మాత్రం ఇంకొంచెం ఓపిగ్గా చూడాలి. ఒక ఫీడరు రోజుకు ఆరు గంటలు 400, పద్దెనిమిది గంటలు 100 ఆంపియర్ల మీద నడిస్తే సగటు 175. ఆ సగటును వర్గం చేస్తే వేడి బాగా తక్కువగా కనిపిస్తుంది. ముందు వర్గాలు చేసి ఆ తర్వాత సగటు తీస్తే సరైన కరెంటు 218 ఆంపియర్లని తేలుతుంది, రెండు లెక్కల మధ్య వేడిలో తేడా ఒకటిన్నర రెట్లు. ఆరు గంటల పాటు నిలిచే లోడును ఎలాగూ సగటులో కలపకూడదు. కేబుల్ వేడెక్కి కుదురుకోవడానికి అంతసేపు అక్కర్లేదు కాబట్టి దాన్ని శిఖరంగానే తీసుకోవాలి. మోటారు స్టార్టింగ్ కరెంటు దీనికి వ్యతిరేకం. మామూలు కరెంటుకు ఆరు రెట్లు, అంటే 36 రెట్ల వేడి, అది వినగానే భయపడతారు. పది సెకన్లు ఉంటే అది మామూలు నడకలో 360 సెకన్ల వేడితో సమానం. గంటకొకసారి స్టార్ట్ చేసినా అదనం పది శాతమే.

ఎక్కువ పెట్టుకుంటే నష్టమేమిటన్న మాటకు మన వాతావరణమే జవాబు చెబుతుంది. చల్లని దేశాల్లో బయటి గాలిని ఫ్యానుతో లోపలికి తోస్తే పని జరిగిపోతుంది. రామగుండంలో మే నెలలో బయటి గాలే 45 డిగ్రీలు దాటుతుంది. ఐదు కిలోవాట్ల వేడిని ఐదు డిగ్రీల పెరుగుదలతో తీసుకుపోవాలంటే సెకనుకు 0.9 ఘనపు మీటర్ల గాలి కావాలి, అంత తోసినా గది 50 డిగ్రీల దగ్గర ఉంటుంది. చాలా డ్రైవుల సామర్థ్యం 40 డిగ్రీలు దాటితే తగ్గుతుంది. ఏసీ తప్పదు కాబట్టి అంచనాలోని ప్రతి తప్పూ నేరుగా టన్నుల్లోకి, కరెంటు బిల్లులోకి దిగుతుంది. విశాఖ, కాకినాడల వంటి తీరప్రాంతాల్లో ఖర్చుతో పాటు ఇంకో ఇబ్బంది ఉంది. అవసరానికి మించిన ఏసీ గదిని చకచకా చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలోని తేమను తీసేటంతసేపు నడవదు. తలుపు తెరిచినప్పుడల్లా ఉప్పగాలి లోపలికి వచ్చి, చల్లబడిన లోహం మీద తడిగా పేరుతుంది. ప్యానెల్ రూములో వేడి కంటే తడి ఎక్కువ ప్రమాదం.

ఇప్పటికే నడుస్తున్న చోటైతే ట్రాన్స్‌ఫార్మర్ రేటింగ్ దగ్గర కూడా ఆగనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో హెచ్‌టీ వినియోగదారుడి నెలవారీ బిల్లు మీద రికార్డెడ్ మాగ్జిమమ్ డిమాండ్ కేవీఏలో అచ్చై ఉంటుంది. అది కొన్ని నిమిషాల సగటు మీద కొలిచినది కాబట్టి మోటారు స్టార్టింగుల వంటి క్షణికాలు దాన్ని పెద్దగా కదిలించవు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మన 1000 కేవీఏ యూనిట్‌లో ఏడాది బిల్లులు తిరగేస్తే అత్యధికం 600 అని తేలిందనుకుందాం. అంటే 800 ఆంపియర్లు. సమానంగా పంచితే ఫీడర్ల వేడి 0.3 కిలోవాట్లు, అన్నింటికంటే చెడ్డ పంపకంలో 2.3. ఇన్‌కమర్ 0.7. మొత్తం కేబుళ్ల వేడి ఒకటికీ మూడుకీ మధ్య. నాలుగు టన్నులని రాసిన చోట ఒక టన్ను కూడా నిండదు, దీనికి కావలసినవి పన్నెండు బిల్లులు, ఒక టేపు.